అతిథులు పదిమంది, ఇల్లు ఒక్కటే

ఒక కంప్యూటరులో పది కంప్యూటర్లను నడిపే విద్య, ఆ విద్యను మాటిచ్చి నిలబెట్టుకోవడంలోని కష్టం

సూరత్ నగరానికి దక్షిణాన, పండేసర పారిశ్రామికవాడ సమీపంలో బమ్రోలి ఉన్నది. మరమగ్గాల చప్పుడుకు రాత్రీ పగలూ భేదం తెలియని ప్రాంతమది. ఈ నగరంలో తెలుగు నేతపనివారు ఎంతగా వేళ్లూనుకొన్నారో చెప్పడానికి, నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతున్నదన్న ఒక్క మాట చాలు. ఒడిశాలోని గంజాం జిల్లానుండి వచ్చిన మగ్గపు పనివారి సంఖ్య అంతకంటె పెద్దది. వారు బసచేసే మెస్సులలో ఒక ఏర్పాటు కనిపిస్తుంది. పగటి పాళీ పన్నెండు గంటలు, రాత్రి పాళీ పన్నెండు గంటలు. పగలు పనిచేసి వచ్చినవారు నడుము వాల్చే జాగాలోనే, వారు తెల్లవారి మగ్గం దగ్గరకు పోగానే రాత్రి పాళీవారు వచ్చి పడుకొంటారు. జాగా ఒక్కటి, మనుషులు ఇద్దరు. ఇది సౌఖ్యం కోరి చేసుకొన్న ఏర్పాటు కాదు. అద్దె భరించలేని చేతులు నేర్చుకొన్న పొదుపు.

బమ్రోలిలోనే మరొక ఏర్పాటు ఉన్నది. నగరపాలక సంస్థ అక్కడ నెలకొల్పిన శుద్ధికేంద్రం, రోజుకు నాలుగు కోట్ల లీటర్ల సామర్థ్యంతో, నగరపు మురుగునీటిని పరిశ్రమలకు పనికివచ్చే నీరుగా మార్చి 2014 నుండి పండేసరలోని అద్దకపు మిల్లులకు పంపుతున్నది. ఒక మిల్లు ఆగిపోతే ఆ మిల్లు యజమానికే నష్టం. శుద్ధికేంద్రంలో పెద్ద యంత్రాన్ని మార్చవలసి వస్తే మాత్రం దాని నీటిమీద ఆధారపడిన ప్రతి మిల్లుకూ ముందుగా కబురు వెళ్లాలి. ఎప్పుడు ఆపాలి, ఎంతసేపు ఆపాలి, ఈలోగా నీరు ఎక్కడినుండి రావాలి అన్న లెక్కలు తేలాలి.

ఈ రెండు ఏర్పాట్లనూ ఒకచోట చేర్చి చూస్తే, నేటి కంప్యూటరు ప్రపంచం ఏ పునాదిమీద నిలిచి ఉన్నదో సులభంగా బోధపడుతుంది. ఒకే జాగాను పలువురు పంచుకోవడం ఆ పునాదిలో మొదటి సూత్రం. ఆ జాగా పాడైతే అందరూ ఒకేసారి వీధిన పడతారన్నది రెండవది.

యంత్రంలో యంత్రం

పెద్ద కంప్యూటరు ఒకటి ఉన్నదనుకొందాం. దాని శక్తిలో సగంకూడా ఏ ఒక్క పనికీ అవసరం లేదు. ఆ శక్తిని ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ తాను స్వతంత్రమైన కంప్యూటరునే అన్న భ్రమ కల్పించగలిగితే, ఒకదానిలో బ్యాంకు లెక్కలు, మరొకదానిలో ఆసుపత్రి రికార్డులు, ఇంకొకదానిలో రైల్వే టిక్కెట్లు, ఒకదానితో ఒకటి ముడిపడకుండా నడుస్తాయి. ఈ భ్రమను కల్పించే ప్రోగ్రామునే హైపర్‌వైజర్ అంటారు. లోపల నడిచే కల్పిత యంత్రాలు అతిథులు; వాటికి చోటిచ్చిన అసలు యంత్రం ఆతిథేయి.

ఇది నిన్నమొన్నటి ఆలోచన కాదు. ఐ.బి.ఎం. సంస్థవారు 1960ల నడుమ అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఉన్న తమ పరిశోధనశాలలో దీనిని సాధించి, 1972 ఆగస్టులో వి.ఎం./370 పేరుతో విపణిలోకి తెచ్చారు. 1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, ఒక ప్రాసెసరు ఇటువంటి ఆతిథ్యానికి తగినదా కాదా అని తేల్చే నియమాలను గణితశాస్త్ర పద్ధతిలో రాసిపెట్టారు. చిత్రమేమంటే, ఆ తరువాత లోకమంతటా ఇంటింటా వెలసిన ఇంటెల్ జాతి ప్రాసెసర్లు ఆ పరీక్షలో నెగ్గలేదు. వాటి ఆదేశాలలో పదిహేడు, అతిథికి తాను అతిథినన్న సంగతిని బయటపెట్టేవో, ఆతిథేయి అనుమతి లేకుండా నడిచిపోయేవో ఉన్నాయని 2000లో ఇద్దరు పరిశోధకులు లెక్కించి చూపారు.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఇయాన్ ప్రాట్, ఆయన సహచరులు ఈ అడ్డంకిని ఒక లౌక్యంతో దాటారు. అతిథిని మభ్యపెట్టడం కష్టమైతే, అతిథికే నిజం చెప్పి ఒప్పించవచ్చునుకదా! నీవు ఉన్నది అద్దె ఇల్లు, గోడకు మేకు కొట్టాలంటే యజమానిని అడుగు అని ఆపరేటింగ్ సిస్టంలోనే రాసేశారు. 2003లో వారు లోకానికి చూపిన ఆ హైపర్‌వైజర్ పేరు జెన్. తరువాత 2005 చివర ఇంటెల్, 2006లో ఎ.ఎం.డి. తమ ప్రాసెసర్లలోనే ఈ లోపాన్ని సరిదిద్దే సదుపాయాన్ని కల్పించాయి. ఆ సదుపాయాన్ని ఆసరాగా తీసుకొని, ఇజ్రాయెల్‌కు చెందిన కుమ్రానెట్ అనే చిన్న సంస్థలో ఆవి కివిటి మరొక దారి తొక్కారు. విడిగా హైపర్‌వైజర్ ఎందుకు, లినక్స్ కెర్నెల్‌నే ఆతిథేయిగా మారిస్తే సరిపోదా అన్నది ఆయన ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబుగా పుట్టిన కె.వి.ఎం., 2007 ఫిబ్రవరిలో వచ్చిన లినక్స్ 2.6.20లో భాగమైపోయింది. జెన్ పుట్టి అప్పటికి నాలుగేళ్లు; అయినా దాని ఆతిథేయ భాగం లినక్స్ గడప ఇంకా దాటలేదు. కథకు మూలం ఇక్కడే ఉన్నది.

అతిథిగా ఉండడం వేరు, ఆతిథ్యమివ్వడం వేరు

లినక్స్ ఎవరో ఒకరి సొత్తు కాదని చాలమందికి తెలుసు. కెర్నెల్ అనబడే గుండెకాయను ఒక బృందం తయారుచేస్తుంది. దానికి వేలాది ప్రోగ్రాములు జతచేసి, పరీక్షించి, ఒక మూటగా కట్టి, ఇన్నేళ్లు మరమ్మతులు చేస్తామని మాటిచ్చి అందించేవారు వేరు. ఆ మూటనే డిస్ట్రిబ్యూషన్ అంటారు. ఫెడోరా, డెబియన్, రెడ్ హ్యాట్, ఉబుంటు ఇటువంటివే. ఫెడోరా ఇంచుమించు ఆరునెలలకొక కొత్త విడుదల తెస్తుంది, డెబియన్ రెండేళ్లకొకటి.

కొత్త విడుదలలో హైపర్‌వైజర్ సంగతి ఏమిటి అన్నప్పుడు నిజానికి అడగవలసిన ప్రశ్నలు రెండు. ఈ విడుదల మరొకరి ఇంట్లో అతిథిగా ఒదిగి ఉండగలదా? ఇతరులకు తానే ఆతిథ్యమివ్వగలదా? మొదటిది పెద్ద కష్టం కాదు. జెన్ ఇంట్లో అతిథిగా ఉండే తెలివి 2007 అక్టోబరులో వచ్చిన లినక్స్ 2.6.23కే అబ్బింది. రెండవది అలా కాదు. జెన్ తానుగా డిస్కులనూ నెట్‌వర్కునూ నడపదు. ఆ చాకిరీ అంతా మొట్టమొదట లేచే ఒక లినక్స్‌కు అప్పగిస్తుంది. దానికి డొమైన్ సున్నా అని పేరు. జెన్ ఇంటి యజమాని అయితే, తలుపులు తీసేదీ నీళ్లు పట్టేదీ సద్దుబాట్లు చేసేదీ ఈ డొమైన్ సున్నా అనే ఇంటి నిర్వాహకుడే. ఆ పనికి కెర్నెల్‌లో లోతైన మార్పులు కావాలి. ఆ మార్పులు అప్పట్లో 2006 నాటి లినక్స్ 2.6.18కు కుట్టిన అతుకులుగా, కెర్నెల్ వెలుపలనే ఉండిపోయాయి.

మూడునెలలకొకసారి కెర్నెల్ మారుతున్నది. అతుకు మాత్రం పాతది. ఎదిగే పిల్లవానికి పాత చొక్కాను ఆరునెలలకొకసారి విప్పి కుట్టినట్లు, ఫెడోరా ఇంజనీర్లు ప్రతి విడుదలకూ ఆ అతుకులను కొత్త కెర్నెల్‌కు సరిపెట్టవలసి వచ్చేది. 2007 నవంబరు 8న ఫెడోరా 8 వెలువడినప్పుడు దాని సామాన్య కెర్నెల్ 2.6.23, జెన్ ఆతిథ్యానికి ప్రత్యేకించిన కెర్నెల్ 2.6.21. ఒకే మూటలో రెండు గుండెకాయలు, అందులో ఒకటి ముసలిది! కొత్త యంత్రపరికరాన్ని ఒకటి గుర్తుపడుతుంది, మరొకటి పట్టదు. భద్రతాలోపం బయటపడితే రెండింటికీ విడివిడిగా వైద్యం చేయాలి.

ఫెడోరా 9 ప్రణాళికకు కూర్చున్నప్పుడు ఈ లెక్క ఇక సాగదని తేలిపోయింది. ముసలి కెర్నెల్‌ను ఇంకొక ఆరునెలలు ఈడ్చుకురావచ్చు. ఆతిథేయ భాగం సిద్ధమయ్యేవరకూ విడుదలనే ఆపవచ్చు. కాని జెన్ వాడనివారికి అది అన్యాయం. వారు మూడవ దారి ఎంచుకొన్నారు: అతిథి సౌకర్యాన్ని ఉంచి, ఆతిథేయ సౌకర్యాన్ని తీసివేశారు. అతుకులు కుట్టే శ్రమను ఆతిథేయ భాగాన్ని అసలు లినక్స్‌లోనే చేర్పించే పనికి మళ్లించాలన్నది ఉద్దేశం. ఫెడోరా 9, 2008 మే 13న ఆ విధంగానే విడుదలయింది.

ఇంజనీర్ల దృష్టిలో ఇది సరైన నిర్ణయం. ఫెడోరా 8 యంత్రంమీద పది అతిథులను నడుపుకొంటున్న కళాశాల ప్రయోగశాల నిర్వాహకుడో, చిన్న సంస్థ ఉద్యోగో ఆ సంగతి చదివినప్పుడు ఏమనుకొని ఉంటారో ఊహించడం కష్టం కాదు. ఫెడోరా విడుదలకు మరమ్మతులు అందేది దాదాపు పదమూడు నెలలు మాత్రమే. ఫెడోరా 8కు ఆ గడువు 2009 జనవరి 7తో ముగిసింది. ఆ తేదీ తరువాత ముందుకు పోతే ఆతిథ్యం లేదు. ఉన్నచోటనే ఉంటే భద్రత లేదు. దీర్ఘకాలం మరమ్మతులు అందే రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 5కో, దాని ఉచిత ప్రతిరూపమైన సెంట్ఓఎస్ 5కో మారడం ఒక్కటే నికరమైన దారి. లేదా జెన్‌ను వదలి కె.వి.ఎం.కు మళ్లాలి, అందుకు పాత ప్రాసెసర్లు పనికిరావు, కొత్త యంత్రం కొనాలి.

గడప దాటిన వేళ

జెన్ ఆతిథేయ భాగాన్ని లినక్స్‌లో చేర్చే ప్రయత్నాన్ని జెరెమీ ఫిట్జ్‌హార్డింజ్ భుజాన వేసుకొన్నారు. 2009లో ఆయన పంపిన మార్పులకు కెర్నెల్ పెద్దలనుండి గట్టి ప్రతిఘటన ఎదురైనది. జెన్ కొరకు చేసే మార్పులు, జెన్ ఊసే ఎరుగని కోట్లాది యంత్రాల కెర్నెల్‌ను కూడా తాకుతున్నాయన్నది వారి అభ్యంతరం. ఈ వాదనను మొండితనంగా కొట్టిపారవేయడానికి వీలు లేదు. ఒక అద్దెదారుకోసం మేడ మొత్తానికి పునాది కదిలించవచ్చునా అన్నది న్యాయమైన ప్రశ్నే. మార్పులు మళ్లీ మళ్లీ తిరగరాయబడ్డాయి. ముక్కముక్కగా, ఎవరికీ ఇబ్బంది కలగని రూపంలో అవి ప్రవేశించసాగాయి. 2011 జనవరి నాటి 2.6.37లో ప్రాథమిక భాగం, మే నెల నాటి 2.6.39లో నెట్‌వర్కును అతిథులకు పంచే భాగం, జూలైలో వచ్చిన 3.0లో డిస్కును పంచే భాగం చేరాయి. చివరి అంకంలో ఈ పనిని నడిపినవారిలో ముఖ్యుడు కాన్రాడ్ విల్క్.

ఫెడోరా 16 విడుదలయినది 2011 నవంబరు 8న. జెన్ ఆతిథ్యం అందులో తిరిగి వచ్చింది. ఈసారి రెండవ గుండెకాయ అక్కరలేదు. అందరికీ ఇచ్చే కెర్నెలే జెన్‌మీద కూడా లేచి కూర్చొన్నది. తేదీని గమనించారా? ఫెడోరా 8 నుండి సరిగ్గా నాలుగేళ్లు, రోజు తేడా లేకుండా.

ఇదే కాలంలో రెడ్ హ్యాట్ సంస్థ డబ్బిచ్చి కొనే తన ఖాతాదారులతో వ్యవహరించిన తీరు వేరు. 2007 మార్చిలో వచ్చిన ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 5లో ఆతిథేయి జెన్. 2008 సెప్టెంబరులో ఆ సంస్థ కుమ్రానెట్‌ను 10.7 కోట్ల డాలర్లకు కొన్నది. జెన్‌కు రోజులు దగ్గరపడ్డాయని ఆనాడే అర్థమైంది. అయినా జెన్‌ను వెంటనే తొలగించలేదు. 2009 సెప్టెంబరు నాటి 5.4లో కె.వి.ఎం.ను పక్కన నిలబెట్టి రెండింటినీ నడిపింది. 2010 నవంబరులో వచ్చిన 6లో జెన్ ఆతిథ్యం లేదు. కాని 5వ సంచికకు మరమ్మతులు 2017 మార్చి వరకు అందాయి. పాత ఇంటికి తాళం వేయకముందే కొత్త ఇంటి తాళపుచెవి చేతిలో పెట్టడమంటే ఇదే. డబ్బు తీసుకొన్నవారు కాబట్టి అలా చేశారు అనవచ్చు. నిజమే, స్వచ్ఛంద కార్యకర్తలమీద నడిచే ప్రాజెక్టుకు ఏడేళ్లు రెండు ఇళ్లు నిర్వహించే స్తోమత ఎక్కడిది?

డెబియన్ మధ్యేమార్గం పట్టింది. 2009 ఫిబ్రవరి నాటి విడుదలలోనూ, 2011 ఫిబ్రవరి నాటి విడుదలలోనూ జెన్‌కు ప్రత్యేక కెర్నెల్‌ను మోసుకొచ్చింది. 2013 మేలో వచ్చిన డెబియన్ 7లో ఆ భారం దించుకొని సామాన్య కెర్నెల్‌తోనే పని నడిపింది. ఇది మనకు దూరపు ముచ్చట కాదు. సి-డాక్ రూపొందించిన భారతీయ లినక్స్ అయిన బాస్‌కు మూలం డెబియనే. నదికి ఎగువన ఆనకట్ట ఎత్తు నిర్ణయించినవారే దిగువన కాలువలో నీటిమట్టాన్నీ నిర్ణయించినట్లు, డెబియన్‌లో ఆతిథేయ సౌకర్యం ఉన్నదా లేదా అన్న తీర్మానం దిగువనున్న విడుదలలన్నింటినీ తాకుతుంది.

ఒక అర్ధరాత్రి ఎందుకు విలువైనది

ఆతిథేయిని ఒకసారి స్థాపిస్తే చాలునుకదా, ప్రతి విడుదలకూ ఈ తంటా ఎందుకని సందేహం కలగవచ్చు. 2014 సెప్టెంబరు చివర జరిగిన సంఘటన దానికి సమాధానం. ఆనాడు అమెజాన్ సంస్థవారి అద్దె కంప్యూటర్ల సేవ జెన్ మీదనే నడుస్తున్నది. ఒక అతిథి తన గోడ దాటి పక్కవారి జ్ఞాపకంలోకి తొంగిచూడగల లోపం జెన్‌లో బయటపడింది. లోపాన్ని లోకానికి వెల్లడించేలోగా, అమెజాన్ తన ఆతిథేయులలో దాదాపు పదోవంతును ఆపి తిరిగి లేపవలసి వచ్చింది. ఆ ఇళ్లలో ఉన్న అతిథులు ఏ తప్పూ చేయకపోయినా కొద్దిసేపు నిద్రపోక తప్పలేదు. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే లోపాలు ప్రాసెసర్లలోనే కనిపించినప్పుడు కథ మరింత ముదిరింది. అదే ఏడాది ఆగస్టులో వెల్లడైన మరొక లోపమైతే, ఒకే ప్రాసెసరు గర్భాన్ని పంచుకొనే ఇద్దరు అతిథులలో ఒకరి రహస్యం మరొకరికి చిక్కే వీలు కల్పించింది.

అతిథిలో లోపముంటే చెడేది ఆ అతిథే. ఆతిథేయిలో లోపముంటే పదిమందీ చెడతారు. అందుచేత ఒక డిస్ట్రిబ్యూషన్ ఆతిథేయ సౌకర్యం ఇస్తానన్నదంటే, అటువంటి అర్ధరాత్రులలో మేలుకొని మరమ్మతు చేసే మనుషులు రాబోయే కొన్నేళ్లపాటు తనవద్ద ఉంటారని మాటిచ్చిందన్నమాట. డెబియన్ తన విడుదలకు మూడేళ్లు పూర్తి సేవ, ఆపైన మరో రెండేళ్లు దీర్ఘకాలిక సేవ అందిస్తున్నది. ఐదేళ్లు! ఈ ఐదేళ్లలో జెన్, కె.వి.ఎం., అతిథులకు కల్పిత పరికరాలు అందించే క్యూ-ఎమ్యూ, వీటన్నింటినీ అదుపుచేసే లిబ్‌వర్ట్ వేర్వేరు బృందాలచేతిలో వేర్వేరు వేగాలతో మారిపోతూ ఉంటాయి. విడుదలకు ఏ సంచికను ఎంచుకోవాలన్న ప్రశ్నలో కొత్తదనం ఒక్కటే చూస్తే చాలదు. ఆ సంచికను తయారుచేసినవారు దానికి ఎంతకాలం మరమ్మతులు చేస్తారన్నది చూడాలి. వారు మానేసిననాడు ఆ బరువు మోసేదెవరో ముందే తేలాలి.

అందుకే తలుపులు విడుదలకు ఎంతో ముందే మూతపడతాయి. 2025 ఆగస్టు 9న వెలువడిన డెబియన్ 13నే తీసుకొంటే, మార్చి 15న మొదటి గడి బిగిసింది; ఏప్రిల్‌లో, మే నెలలో మరింత బిగిసి, జూలై 27 తరువాత ప్రత్యేకానుమతి లేనిదే ఏ మార్పూ లోపలికి రాలేదు. కెర్నెల్ 6.12 అని ఒకసారి స్థిరపడిన తరువాత, దానితో సరిపడని హైపర్‌వైజర్ ఎంత గొప్పదైనా గుమ్మం బయటే. ఆ విడుదలలోనే మరొక వీడ్కోలు కూడా జరిగింది. పాత 32 బిట్ల ఇంటెల్ యంత్రాలకు కెర్నెల్‌నూ స్థాపించే సాధనాన్నీ డెబియన్ ఇవ్వడం మానివేసింది. అంటే అటువంటి యంత్రం ఇక ఆతిథేయి కాజాలదు. ఐ.బి.ఎం. పవర్ ప్రాసెసర్లమీద కె.వి.ఎం. ఆతిథ్యాన్ని రెడ్ హ్యాట్ 2022లో వచ్చిన తన 9వ సంచికలో వదలివేసింది. అమెజాన్ కూడా 2017 చివరనుండి తన కొత్త యంత్రాలను కె.వి.ఎం. పునాదిమీదికి మళ్లించింది. వదలుకోవడం కూడా ప్రణాళికలో భాగమే. కాకుంటే దానిని ఎంత ముందుగా చెప్పారన్నదే అతిథులకు ముఖ్యం.

కబురు ముందుగా అందిన నిర్వాహకుని చేతిలో ఒక అద్భుతమైన ఉపాయం ఉన్నది. 2005లో కేంబ్రిడ్జి పరిశోధకులు, కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయపు మిత్రులతో కలిసి, నడుస్తున్న అతిథిని నడుస్తుండగానే ఒక ఆతిథేయినుండి మరొక ఆతిథేయికి తరలించి చూపారు. అతిథి జ్ఞాపకాన్ని కొద్దికొద్దిగా ముందే పంపి, చివరి రవ్వంత కొరకు మాత్రం క్షణకాలం ఆపుతారు. పలువురు ఆడుతున్న ఒక వీడియో ఆటను నడిపే అతిథిమీద ఈ ప్రయోగం చేస్తే, అది ఆగినది సెకనులో పదహారో వంతు మాత్రమే.

ఇప్పుడు ఆతిథేయిని కొత్త విడుదలకు మార్చే జాగ్రత్తపరుడు చేసేదీ ఇదే. అతిథులను ఒక్కొక్కరిగా పక్క యంత్రానికి పంపుతాడు. ఖాళీ అయిన ఇంట్లో కొత్త లినక్స్ దింపుతాడు. పాత ఆతిథేయినుండి కొత్తదానికి ప్రయాణం సాధారణంగా సాఫీగానే సాగుతుంది. కొత్తదానినుండి వెనక్కు వచ్చేందుకు హామీ లేదు. కనుక అతడు మొదట ఒక్క అతిథిని, అదీ నష్టపోయినా బాధలేనిదానిని, కొత్త ఇంటికి పంపి, వారంరోజులు గమనించి, అప్పుడు మాత్రమే తక్కినవాటికి దారి తెరుస్తాడు.